మరణ కారణం దగ్గర గుండె ఆగిపోవడం అని రాశారు, సరిచేయించడం ఎలా?

మాది విశాఖ, మద్దిలపాలెం. పోయిన నెల మా నాన్నగారు ఇక్కడే ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చనిపోయారు. పదిహేనేళ్లుగా షుగర్, దానివల్లే కిడ్నీలు పాడై రెండేళ్లుగా డయాలసిస్. కానీ ఫారం 4లో (మరణ కారణం చెబుతూ ఆసుపత్రి డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్) కారణం దగ్గర 'కార్డియాక్ అరెస్ట్' అని ఒక్క ముక్కే రాశారు. డెత్ సమ్మరీలో ఐసీడీ-10 (జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కోడ్‌ల పట్టిక) ప్రకారం దానికే ఐ46.9 అనే కోడ్ వేశారు.

నేను చదివినంతలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం అసలు జబ్బు ఏదో, దేనితో మొదలై మరణం దాకా వచ్చిందో వరుసగా రాయాలి. గుండె ఆగడం చావు తీరే తప్ప కారణం కాదు కదా. షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బుకు ఇ11.2 అనే కోడ్ విడిగా ఉంది.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం ఉండదు కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. ఇన్సూరెన్స్ వాళ్లు మాత్రం ఫారం 4 కాపీ అడుగుతున్నారు, అదే టెన్షన్. ఆ కోడ్‌ల పట్టికకే కొత్త రూపమైన ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిందంటారు, దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

ఫారం మీద సంతకం చేసిన డాక్టరే సరిచేయాలా, జనన మరణాల రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టాలా? మెడికల్ రికార్డ్స్‌లోనో కోడింగ్‌లోనో పనిచేసేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. డబ్బు సంగతి అటుంచితే, నాన్నగారు అన్నేళ్లు పడ్డ బాధ ఆ కాగితంలో లేకపోవడం మా అమ్మకు చాలా కష్టంగా ఉంది.