యంగ్ కేరర్స్ క్లబ్బులో వాలంటీర్‌గా చేసినవాళ్లు ఉన్నారా?

రెడింగ్_రాధ:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లాండ్‌లోని రెడింగ్ వచ్చి రెండేళ్లయింది. మా బాబు స్కూల్లో "యంగ్ కేరర్స్ కోసం వాలంటీర్లు కావాలి" అని పోస్టర్ చూశాను. అడిగితే చెప్పారు: అమ్మకో నాన్నకో తోబుట్టువుకో జబ్బు, వైకల్యం, మానసిక సమస్య, తాగుడు లాంటివి ఉంటే వాళ్లను చూసుకునే 18 ఏళ్ల లోపు పిల్లలట. మా ఆయనేమో "ఉన్న పని చాలదా నీకు" అంటున్నారు. వెళ్లినవాళ్లు చెప్పండి, ఏం చేయిస్తారు? మనకు దక్కేదేంటి? ఉన్నదున్నట్టు చెప్పండి.

లెస్టర్_బాబాయ్:
నాలుగేళ్లుగా వెళ్తున్నానమ్మా. రెండు వారాలకోసారి, సాయంత్రం రెండు గంటలు. మొదటిరోజు పెద్ద సంఘసేవకుడిలా తయారై వెళ్లాను. పిజ్జా ముక్కలు కోయమన్నారు, సోఫా కింద దూరిన టేబుల్ టెన్నిస్ బంతులు తీయమన్నారు. అంతే. ఆ పిల్లలు ఇంటి సంగతులు చెప్పుకోవడానికి రారు, ఇంటిని కాసేపు మర్చిపోవడానికి వస్తారు. ఇది నా బుర్రకెక్కడానికి రెండు నెలలు పట్టింది.

పదకొండేళ్ల పిల్ల ఒకత్తి వచ్చేది (వివరాలు కొంచెం మార్చాను). తల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే నరాల వ్యవస్థకి వచ్చే జబ్బు. వచ్చిన దగ్గర్నుంచి అందరి ప్లేట్లూ తీసేది, బల్లలు తుడిచేది, చిన్నపిల్లలకు జ్యూస్ పోసేది. నేను మన అలవాటు ప్రకారం "ఎంత బుద్ధిమంతురాలివో" అని మెచ్చుకున్నాను. కోఆర్డినేటర్ నన్ను పక్కకి పిలిచి, "ఇంకోసారి అలా అనకండి, ఆ మాట కోసం మరో రెండు బల్లలు తుడుస్తుంది" అంది. నా ముఖం మాడిపోయింది.

ఏడాది తర్వాత ఒకరోజు అదే పిల్ల ఊనో అనే కార్డుల ఆటలో ఓడిపోయింది. నువ్వు మోసం చేశావని నా మీద అరిచి, కార్డులు విసిరేసి, తిన్న ప్లేటు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లేదాకా కారులో ఒక్కణ్ణే నవ్వుకుంటూనే ఉన్నాను. దక్కేదేంటని అడిగావు కదా, నాకు దక్కింది అది.

పాతబస్తీ_చాయ్:
ఏమనుకోకండి, నాకిది కొంచెం అతి అనిపిస్తోంది. నేను పదేళ్లప్పుడే మా నానమ్మకి మందులిచ్చేవాణ్ణి, బెడ్‌పాన్ కూడా తీసేవాణ్ణి. నాకెవరూ పిజ్జా పెట్టలేదు. ఇంట్లోవాళ్లని చూసుకోవడానికి కూడా ఒక పేరు, ఒక క్లబ్బూనా?

ఉద్దానం_కుర్రోడు:
అన్నా, నానమ్మని చూసుకోవడానికి మీ ఇంట్లో ఇంకెంతమంది ఉండేవారు?

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్నకి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానం వైపు ఈ కిడ్నీ జబ్బు కొత్త కథేం కాదు. వారానికి రెండుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. అమ్మ జీడి పనికి వెళ్లకపోతే ఇల్లు గడవదు, కాబట్టి తోడు నేనే. ఆయన ఎక్కువ నీళ్లు తాగకూడదు, కొలిచి ఇవ్వాలి. ఎండాకాలంలో ఆయన ఇంకొక్క గుక్క అడిగితే లేదు అనాలి. కన్నతండ్రికి. ఆ స్టీలు గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, దాంతో నేను తాగను.

తర్వాత డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛన్ వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. మంచిదే. కానీ అవన్నీ రోగి కోసం. పక్కన కూర్చున్న పిల్లాడు ఏ కాగితంలోనూ లేడు. ఊళ్లో "బంగారం లాంటి కొడుకు" అనేవారు. బళ్లో మాత్రం హాజరు తక్కువైందని నిలబెట్టేవారు. ఒక్క లెక్కల మాస్టారు ఆదివారం ఇంటికి పిలిచి, గంటసేపు పాఠం చెప్పి, తర్వాత బ్యాట్ చేతికిచ్చి పొమ్మనేవారు.

ఇప్పుడు నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ నెలకి రెండు శనివారాలు డయాలసిస్ దగ్గర రోగులకి తోడొచ్చే పిల్లల బదులు కూర్చుంటున్నాం. సంస్థా లేదు, బ్యానరూ లేదు. ఒకడు మొదట్లో ఆడుకోరా అంటే గుమ్మం దాటేవాడు కాదు. మొన్న నాకు బస్సు దొరక్క లేటయితే ఫోన్ చేసి "ఎక్కడున్నావన్నా, టాస్ వేసేస్తున్నారు" అని కసిరాడు.

పాతబస్తీ_చాయ్:
ముగ్గురు మేనత్తలు, అమ్మ. సరే తమ్ముడూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా.
నానమ్మ పోయినరోజు అందరూ అత్తల్ని ఓదార్చారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇది చదువుతుంటే ఎందుకో గుర్తొచ్చింది.

పెసరట్టు_ప్రియ:
మన భాష ఈ యంగ్ కేరర్స్ క్లబ్బుల్లో ఇంత పనికొస్తుందని నేననుకోలేదు. ఒక తెలుగావిడ కూతుర్ని క్లబ్బుకి పంపనంది. "నలుగురికీ తెలిస్తే పిల్లని సోషల్ సర్వీసెస్ వాళ్లు తీసుకుపోతారు" అని భయం. రెండుసార్లు టీ తాగుతూ కూర్చుని, పిల్లని తీసుకుపోవడానికి కాదు, ఇంటికి సాయం చేయడానికే అని తెలుగులో చెప్పాక ఒప్పుకుంది. ఆ పిల్లే డాక్టరు దగ్గర వాళ్లమ్మకి అన్నీ తర్జుమా చేసేది, స్కాన్ రిపోర్టుతో సహా. ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చని, దానికి డబ్బు కట్టక్కర్లేదని వాళ్లకి తెలియనే తెలియదు.

గ్లాస్గో_ఓరుగల్లు:
వీసా టెన్షన్ ఉన్నవాళ్లకి: స్కిల్డ్ వర్కర్ వీసా మీద జీతం లేని స్వచ్ఛంద సేవ చేయొచ్చు. స్టూడెంట్లు మాత్రం ముందు యూనివర్సిటీలో అడగండి, జీతం లేని ఉద్యోగం లాంటిదైతే వీసా ఒప్పుకునే పని గంటల లెక్కలోకి వస్తుంది. ఇంగ్లాండ్‌లో డీబీఎస్ చెక్ (మన మీద నేరాల రికార్డుందేమో చూసే తనిఖీ) వాలంటీర్లకి ఉచితం. మా స్కాట్లాండ్‌లో అలాంటిదాన్నే పీవీజీ అంటారు. నన్నైతే ఇండియా పోలీస్ సర్టిఫికెట్ కూడా అడిగారు, దాంతో మూడు నెలలు గడిచాయి. ఓపిక పట్టండి. మన నంబర్ పిల్లలకి ఇవ్వకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు, ప్రమాదం ఉందనిపిస్తే చెప్పి తీరాలి.

ఇక్కడ 16 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 2019 నుంచి యంగ్ కేరర్ గ్రాంట్ ఉంది, ఏడాదికోసారి ఇస్తారు. ఒకబ్బాయి చేత ఆ ఫారం నింపించాను. డబ్బు రాగానే ఏం కొన్నావురా అంటే, ఫుట్‌బాల్ బూట్లు అన్నాడు. ఇంటికి వాషింగ్ మెషీన్ కొంటాడేమో అనుకున్నాన్నేను.

అజ్ఞాత_హ్యారో:
ఇంకోవైపు కూడా వినండి. మా గ్రూపు నిధుల్లేక మూతపడింది. పిల్లలకి ఒక్క ఈమెయిల్ పంపి ఊరుకున్నారు. చివరి రోజు ఒకడు "నువ్వూ రావు కదా ఇంక" అన్నాడు, ప్రశ్నలా కాదు. ఆరు నెలలే ఉండగలను అనుకుంటే పిల్లలతో కూర్చునే పని వద్దు, ఆఫీసు పనో డ్రైవింగో అడగండి.

రెడింగ్_రాధ:
అందరికీ థాంక్స్. మీ కామెంట్లు మా ఆయనకి చదివి వినిపించాను. ఉద్దానం తమ్ముడి గ్లాసు దగ్గర లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. కాసేపటికి వచ్చి "మినీబస్ నడిపేవాళ్లు కావాలేమో కనుక్కో" అన్నారు. ఇద్దరం ఫారాలు నింపాం. ఈలోగా నేనేమైనా నేర్చుకోవాలా?

లెస్టర్_బాబాయ్:
ఊనో. బాగా ప్రాక్టీస్ చెయ్యి. కావాలని ఓడిపోతే ఇట్టే పట్టేస్తారు.