2014 నాటి ఇంటి కంప్యూటర్‌ను బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న (తెనాలి నుంచి):

అందరికీ నమస్కారం. మా ఇంటి డెస్క్‌టాప్‌ను 2014లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించాము. అందులో ఇంటెల్ ఐ3-4130 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ఇప్పుడు స్విచ్ వేసి, అమ్మ పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి దించే దాకా ఎదురుచూస్తే గాని అది పనికి సిద్ధం కావడం లేదు. పైగా రోజూ ఉదయం తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతోంది, దాన్ని సరిచేసేదాకా బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకోదు.

నాన్నగారు ఎన్నో ఏళ్లుగా పెళ్లి పత్రికలు, గుడి కరపత్రాలు పేజ్‌మేకర్ అనే పేజీ కూర్పు ప్రోగ్రాములో, అను అనే తెలుగు ఫాంట్లతో కూరుస్తున్నారు. చెల్లెలు ఈ ఏడే ఇంజినీరింగులో చేరింది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని, ఈ యంత్రం విండోస్ 11కు పనికిరాదని, దీని మీద రూపాయి కూడా పెట్టవద్దని దుకాణదారు అంటున్నారు. రెండు కొత్త కంప్యూటర్లు కొనే స్థోమత మాకు లేదు. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:

ముందు నెమ్మది ఎక్కడుందో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిస్తే, ఏ భాగం ఎంత శాతం పనిలో ఉందో తెలుస్తుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉండి డిస్క్ నూటికి నూరు చూపిస్తుంటే, తిరిగే పళ్లెం మీద సూది వెతుకులాడే ఆ పాత హార్డ్ డిస్కే మీ కాలమంతా తినేస్తోందన్నమాట. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. మీ బోర్డులోని హెచ్81 చిప్‌సెట్‌కున్న నాలుగు సాటా పోర్టులలో (డిస్క్ కేబుల్ పెట్టే చోట్లలో) రెండే పూర్తి వేగంతో పనిచేస్తాయి కనుక కేబుల్‌ను వాటిలో ఒకదానికే పెట్టమని దగ్గరుండి చెప్పండి. రేపు కొత్త డెస్క్‌టాప్ కొన్నా ఆ ఎస్‌ఎస్‌డీ అందులోకి మారుతుంది. డీడీఆర్3 ర్యామ్ మాత్రం కొత్త బోర్డులకు పట్టదు కాబట్టి దాని మీద ఎక్కువ పెట్టకండి, మరో 4 జీబీ ముక్క పాతది దొరికితే చాలు.

తేదీ సమస్యకు కారణం మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోవడమే కావచ్చు. వెబ్‌సైటు భద్రతా పత్రానికి గడువు తేదీలుంటాయి, మీ గడియారం వాటికి వెలుపల ఉంటే బ్రౌజర్ లోపలికి పోనివ్వదు.

రెండవ జవాబు:

వేగం గురించి పై మాటతో ఏకీభవిస్తాను గాని, వేగం పెరిగినంత మాత్రాన భద్రత రాదు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరం నుంచే అధికారికంగా అనుమతి ఉంది, టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం కూడా కావాలి, మీది నాలుగవ తరం (4130లోని మొదటి అంకె అదే చెబుతుంది). అడ్డదారిలో ఎక్కించినా అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే విండోస్ 10కు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు అందుతాయి. ఆ తర్వాత దాంట్లో బ్యాంకు పనులు చేయవద్దు.

లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు ఎక్కించుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఇలాంటి పాత యంత్రాల మీద చక్కగా నడుస్తుంది, కానీ మీ ఇంట్లో వాడే పేజ్‌మేకర్, అను రెండూ విండోస్ కోసం చేసినవి కనుక నాన్నగారికి అది ఉపకరించదు. అన్నిటికన్నా ముందు ఆయన ఫైళ్ల సంగతి చూడండి. అను ఫాంట్ల అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర ప్రమాణం) కావు, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనబడతాయి. అందుచేత ఫైళ్లతోపాటు ఫాంట్లను కూడా భద్రపరచండి, ప్రతి పత్రికకూ ఒక పీడీఎఫ్ తీసి ఉంచండి. మా మేనమామగారి ప్రెస్సులో ఒక రాత్రి డిస్క్ టక్కుటక్కుమని ఆగిపోయి, పదేళ్ల కరపత్రాలు ఒక్కటీ మిగల్లేదు. ఆ మర్నాడు ఆయన అచ్చుకాగితాలు ముందు వేసుకుని మళ్లీ టైపు చేస్తుంటే చూడలేకపోయాను.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. డిస్క్ నూరు శాతం, ప్రాసెసర్ పన్నెండు శాతం చూపించాయి. డిస్క్‌ను పరీక్షించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో చూస్తే డిస్క్ ఆరోగ్యం దగ్గర పసుపు రంగు హెచ్చరిక కనిపించింది. వెంటనే ఫైళ్లు, ఫాంట్లు బయటి డ్రైవులోకి తీశాము. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బిళ్ల బ్యాటరీ వేయించి, ఇంటర్నెట్ తీసేసి దీన్ని నాన్నగారికి ఉంచాలని, మిగిలిన డబ్బుతో చెల్లెలికి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనాలని అనుకుంటున్నాము.

మొదటి జవాబు ఇచ్చినవారు:

మంచి నిర్ణయం. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి నకలు తీయించకండి. దెబ్బతిన్న భాగాలు చదవలేక పని మధ్యలో ఆగిపోవచ్చు, కాబట్టి విండోస్ కొత్తగా ఎక్కించి ఫైళ్లు మాత్రమే వేసుకోండి. ల్యాప్‌టాప్ ఎనిమిదవ తరమో, ఆ తర్వాతదో అయి ఉండాలి. దుకాణంలోనే ఛార్జర్ తీసేసి అరగంట నడిపి, బ్యాటరీ ఎంత దిగిందో చూసిన తర్వాతే డబ్బు ఇవ్వండి.