‘చలి మండె’ అనొచ్చా?

ప్రశ్న, టొరంటో దగ్గరి నుంచి:
మా పెరట్లో మేపుల్ చెట్ల కింద ఎండ పొడ పెద్దగా తగలదు. అక్కడ ట్రిలియం దుంప ఒకటి నర్సరీలో కొని నాటాను. మూడాకులు, మూడు రేకులు: మారేడు దళం మీద తెల్లపువ్వు పెట్టినట్టుంటుంది. 1937 నుంచి మా ఒంటారియో రాష్ట్ర పుష్పం ఇదే. ఈసారి కాయ కట్టింది. గింజ వేసి పెంచుదామంటే దాని వ్యవహారం పెద్దది. గింజ ఆరితే దాదాపు పోయినట్టే. పచ్చిగా ఉండగానే తడి నాచులో చుట్టి కొన్నాళ్ళు వెచ్చగా, మూడు నెలలు ఫ్రిజ్‌లో, మళ్ళీ వెచ్చగా, మళ్ళీ చలిలో ఉంచాలి. మొదటి చలి దాటాక వేరు, రెండో చలి దాటాక ఆకు. పువ్వుకి ఏడేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. తోట సంగతులు తెలుగులో రాసుకుంటున్నాను. గింజని ఇలా తడిలో, చలిలో ఉంచడాన్ని ‘స్ట్రాటిఫికేషన్ చేశాను’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. దీనికి మాటేమిటండీ?

హైదరాబాద్ నుంచి:
‘శీతల స్తరీకరణ’ అనండి.

తెనాలి నుంచి:
స్తరం అంటే పొర కదండీ. పూర్వం తడి ఇసుక ఒక పొర, గింజలు ఒక పొరగా పేర్చేవారు కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరొచ్చింది. ఈవిడ నాచులో చుట్టి సంచిలో పెడుతున్నారు, పొరలెక్కడివి? మనకి ‘మండె కట్టడం’ ఉండగా ఇదెందుకు? వడ్లు ఒక రోజు నానబోసి, నీళ్ళు వార్చి, గోనెసంచిలో కట్టి, పైన గడ్డి కప్పి, బరువు పెడితే మర్నాటికి ముక్కు పగులుతుంది. గింజని తడిలో, చీకట్లో కాచుకుని మొలకకి సిద్ధం చెయ్యడమే ఇదీను.

హైదరాబాద్ నుంచి:
మండెలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది మాస్టారూ. ఫ్రిజ్‌లో మండె ఏమిటి!

తెనాలి నుంచి:
అందుకే ముందు ‘చలి’ చేర్చమంటున్నా. చలి పందిరి ఉంది, చలివేంద్రం ఉంది. చలి మండెకి వచ్చిన దోషమేమిటి? పైగా ఆవిడ గింజకి వెచ్చని మండె కూడా కావాలి. రెండు రకాలకీ ఒకే మాట సరిపోతుంది.

పాలమూరు నుంచి:
మా దిక్కు గూడ మండె గట్టుడే అంటరు. మాట మంచిగున్నది. కానీ వడ్లకు ఒక్కరోజు ముచ్చట, ఈమెకు రెండు చలికాలాలు. గింజ పండుకున్న తీరుకు ‘నిద్రావస్థ’ అని వ్యవసాయం పుస్తకాలల్ల ఉన్నది. కొత్త వడ్లు మొలవకుంటే నత్రికామ్లం కలిపిన నీళ్ళల్ల నానబెట్టి లేపుతరు. గందుకే నిద్ర వేరు, మండె వేరు. రెండు మాటలూ ఉంచుకోండ్రి. గింజ ఆరొద్దు అనేదానికి ‘పదును ఆరొద్దు’ అని రాస్తే ఎవుసం తెలిసినోళ్ళకు ఇంకో ముక్క చెప్పే పని లేదు.

ప్రశ్న అడిగినవారు:
పదును! మా తాతయ్య నోట విన్నాక మళ్ళీ ఇప్పుడే. ఇంకొకటి చెప్పండి. ఈ గింజ కొసన కొవ్వుతో నిండిన చిన్న ముద్ద ఉంటుంది. చీమలు దానికోసం గింజని పుట్టలోకి లాక్కుపోయి, ముద్ద తిని, గింజని తమ చెత్తకుప్పలో పడేస్తాయి. అడవిలో విత్తేది చాలావరకు అవే. నెత్తురులాంటి ఎర్రపాలు కారే బ్లడ్‌రూట్ అనే మొక్కకీ ఇదే పద్ధతి. ఆ ముద్దని ఏమంటారు?

పాలమూరు నుంచి:
ఆముదం గింజ చూడలేదా? కొసకు తెల్లగ బుడిపె ఉంటది. చీమలు దాన్నే పట్టుకొని గుంజుకపోతయి. మా చేన్ల చిన్నప్పటి సంది చూస్తున్న. బుడిపె అంటే సాలదా?

తెనాలి నుంచి:
బుడిపె ఆకారం చెబుతుంది, పని చెప్పదు. ‘చీమ తాయిలం’ ఎలా ఉంది? పిల్లాడి చేతిలో బెల్లంముక్క పెట్టి పని చేయించుకున్నట్టే కదా.

హైదరాబాద్ నుంచి:
తాయిలానికి ఒప్పుకుంటున్నాను. చలి మండె ఇంకా మింగుడు పడలేదు.

ప్రశ్న అడిగినవారు:
నేను రాసేసుకున్నాను లెండి. కాయ మెత్తబడ్డ రోజే విప్పి, తాయిలం కడిగేసి, సంచి మీద ‘వెచ్చని మండె’ అని చీటీ అంటించి వంటింటి అల్మరాలో పెట్టాను. మా అత్తయ్యగారు పెసలు మొలక కట్టాననుకుని సాయంత్రానికి విప్పి చూశారు.