గోబర్ గ్యాస్ కంపు: మొక్కజొన్న బెండ్ల బొగ్గుతో పోతుందా?

తెనాలి పాడి:
నాలుగు గేదెలు, 2 ఘనపు మీటర్ల ప్లాంటు. కోళ్ల పెంట కలపడం మొదలెట్టినప్పటి నుంచి కుళ్ళిన గుడ్డు కంపు. ఏడాదిలో రెండో బర్నర్ తుప్పు పట్టి పోయింది. వంటగది గూట్లో పెట్టిన మా ఆవిడ వెండి పట్టీలు కూడా నల్లబడ్డాయి, ఆ గొడవ వేరే. మొక్కజొన్న బెండ్లు ట్రాక్టరు లోడు పడున్నాయి. బొగ్గు చేసి పైపులో నింపితే గ్యాస్ శుభ్రపడుతుందని ఒకాయన అన్నాడు. ఎవరైనా చేశారా?

కంకిపాడు:
చేశానన్నా. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్. బెండ్ల బొగ్గు కాస్త తడిగా ఉంటే పట్టుకుంటుంది, కానీ మా ఇంట్లో పది రోజులకే మళ్ళీ మొదలైంది. తర్వాత లేత్ షాపు ఇనుప రజను తెచ్చాను, దాని తుప్పు ఆ గ్యాస్‌ని పట్టేస్తుంది. ముందు సర్ఫ్ నీళ్లతో కడుగు, ఆయిల్ జిడ్డు ఉంటే తుప్పే పట్టదు. ఉప్పు నీళ్లు చల్లి, ఎర్రగా తుప్పు పట్టాక ఊకలో కలిపి 4 అంగుళాల పీవీసీ పైపులో నింపా. రంపపు పొట్టు వెయ్యకు. మన ప్లాంటు ప్రెషర్ ఎంతని, మెత్తటి పొట్టుకి గ్యాస్ ఆగిపోతుంది, మంట గుడ్డిదీపమైపోతుంది. తుప్పు నల్లబడిందంటే పని అయిపోయినట్టే. బయట గాలికి ఆరబెడితే మళ్ళీ ఎర్రబడుతుంది, ఇంకోసారి వాడుకోవచ్చు.

విజయనగరం:
ఆరబెట్టడం దగ్గర జాగ్రత్త. నల్లబడిన తుప్పుకి గాలి తగిలితే వేడెక్కుతుంది. నేను తీసి గడ్డివాము పక్కన పోశా, అరగంటలో పొగ! తడిపి, పల్చగా, ఖాళీ నేల మీద పరవండి. కంపు పోయిందో లేదో ముక్కుతో చూడొద్దు, ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కే పని చెయ్యదు, ప్రాణం మీదకి వస్తుంది. తోమిన రాగి తీగ ముక్క గ్యాస్ దారిలో ఉంచండి, నల్లబడితే తెలిసిపోతుంది.

తెనాలి పాడి:
థ్యాంక్సండీ. దీంతో మంట కూడా పెరుగుతుందా?

కంకిపాడు:
పెరగదు. మంటని తగ్గించేది కార్బన్ డయాక్సైడ్, గ్యాస్‌లో మూడో వంతు పైనే అదుంటుంది. తుప్పుకి అది లొంగదు. ప్రెషర్ పెట్టి నీళ్లలో కడగాలి, అదంతా సీఎన్‌జీ తీసే పెద్ద ప్లాంట్ల యవ్వారం. పొయ్యికి ఎందుకన్నా అంత? ముందు ఆ కోళ్ల పెంట తగ్గించు.

తెనాలి పాడి:
పెంట సగం చేశా. పది కిలోల రజను తెచ్చి ఉప్పు నీళ్లు చల్లా, డాబా మీద ఎర్రబడుతోంది. బెండ్లు మాత్రం అలాగే ఉన్నాయి.