గ్యాస్ హీటర్ పైలట్ మంట నిలవట్లేదు

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. గోడకున్న పాత గ్యాస్ హీటర్ నాబ్ వదలగానే పైలట్ (పెద్ద బర్నర్‌ను అంటించే చిన్న మంట) ఆరిపోతోంది. మంట పసుపుగా ఊగుతోంది. ఏం చూడాలండీ?

జవాబు: వెలిగాక నాబ్ నిమిషం పాటు నొక్కే ఉంచండి, థర్మోకపుల్ (మంట వేడికి కొద్ది కరెంటు పుట్టించి గ్యాస్ వాల్వ్‌ను తెరిచి ఉంచే కడ్డీ) వేడెక్కాలి. దాని కొనను నీలి మంట అర అంగుళం మేర చుట్టుకోవాలి. పసుపు మంటంటే గాలి చాలట్లేదు, దుమ్ము చేరింది. గ్యాస్ కట్టేసి, చల్లారాక పైలట్ దగ్గర కంప్రెస్డ్ ఎయిర్ కొట్టండి. పిన్నీసు మాత్రం పెట్టొద్దు, గ్యాస్ వచ్చే రంధ్రం పెద్దదైపోతుంది.

ఇంకో జవాబు: శుభ్రం చేశాక కూడా మంట చిన్నగానే ఉంటే వాల్వ్ మీది పైలట్ స్క్రూ ఎడమకు కొద్దికొద్దిగా తిప్పండి. అయినా ఆరిపోతే మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే పరికరం) పెట్టండి. వాల్వ్ నుంచి విప్పి, మంటలో వేడెక్కించి కొలిస్తే థర్మోకపుల్ 25-30 మిల్లీవోల్టులు ఇవ్వాలి. బాగా తగ్గితే మార్చాల్సిందే. కొత్తదాని నట్టు చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు చాలు.

మరొకరు: పొగగొట్టం లేని రకమైతే ఆ స్క్రూ జోలికి అసలు పోకండి. గదిలో ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయేలా చేసిన పైలట్ అది. మెకానిక్‌నే పిలవండి.