బోరు నీళ్లు పసుపు రంగుల వస్తున్నయి, కంపెనీదే అని ఎట్ల తేల్చాలె?

చెలక_రైతు:
మాది చౌటుప్పల్ మండలం. బోరు 320 అడుగులు. వానలు మొదలైన కాడి నుంచి నీళ్లు లేత పసుపుగ వస్తున్నయి. మోటర్ పెట్టంగనే ఘాటు వాసన, కాలువల నురగ. చేతి మీటర్ల టీడీఎస్ (నీళ్లల కరిగిన ఉప్పుల లెక్క) లీటరుకు 1,850 మిల్లీగ్రాములు. పక్క చెలక బోరుల 900 కూడ లేదు. ఎగువన 400 మీటర్ల దూరంల బల్క్ డ్రగ్ కంపెనీ (మందుల ముడిసరుకు చేసేది) ఉన్నది. అడిగితే "ఇది ఫ్లోరైడ్ ఇలాకా, మీ నీళ్లే అంత" అంటున్నరు. ఏ పరీక్షలు చేయించాలె? ఎవరికి చెప్పాలె?

నీళ్ల_ల్యాబ్:
ఫ్లోరైడ్ జోలికి పోకండి. అది ఇక్కడి గ్రానైట్ రాయిలోంచే వస్తది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినా కంపెనీ మీద రుజువు కాదు. నైట్రేట్ కూడా యూరియా నుంచి, పెంటకుప్పల నుంచి దిగుతది. ఈ రెండే పట్టుకొని ఆఫీసుకు పోతే ఫైలు అక్కడికక్కడే మూస్తరు.

చేయించాల్సినవి పీహెచ్, ఈసీ (నీళ్లలో కరెంటు పారే లెక్క), క్లోరైడ్, సల్ఫేట్, సోడియం, అమ్మోనియా, సీఓడీ (రసాయన మలినాల లెక్క), వీఓసీ. వీఓసీ అంటే టోల్యూన్, డైక్లోరోమీథేన్ లాంటి, తేలిగ్గా ఆవిరయ్యే సాల్వెంట్లు (కంపెనీల్లో వాడే ద్రావకాలు). అవి రాయిలోంచీ రావు, పేడలోంచీ రావు. మీ చేతి మీటర్‌కు అవి దొరకవు. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి అది ఉప్పు లెక్క మాత్రమే చెప్తది.

శాంపిల్ దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటరు. ట్యాంకులోంచి కాదు, బోరు పైపు దగ్గరే పట్టాలె. మోటర్ 15 నిమిషాలు నడిపి, మీటర్ రీడింగ్ నిలబడ్డాక పట్టండి. మామూలు పరీక్షలకు కొత్త ప్లాస్టిక్ క్యాన్, 2 లీటర్లు. సీఓడీకి వేరే సీసా, సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలతో పీహెచ్ 2 లోపుకు దించాలె. వీఓసీకి 40 మిల్లీలీటర్ల గాజు వయల్, అంచు దాకా నింపి మూత బిగించి తిప్పి చూడండి. గాలి బుడగ కనబడితే పారబోసి మళ్లీ పట్టాలె, సాల్వెంట్ ఆ బుడగలోకే పోతది. సీసాలన్నీ ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబే ఇస్తది. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు అప్పజెప్పండి. కంపెనీకి ఎగువన ఉన్న బోరు నీళ్లు కూడా అదే రోజు పట్టండి, పోల్చడానికి అది లేకుంటే సగం పని వృథా.

పక్క బోరు బాగున్నదని అనుమానం వద్దు. గ్రానైట్‌లో నీళ్లు పగుళ్ల వెంట పోతయి. మీ బోరుకు తగిలిన పగులు పక్క బోరుకు తగలకపోవచ్చు.

మూసీ_కట్ట:
1,850 అంటే 2,000 లోపే గదా అన్నా, కేసు నిలుస్తదా?

కాయిదాల_కట్ట:
తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో టీడీఎస్ హద్దు 500. 2,000 అనేది వేరే నీళ్లు దొరకని చోటికే. ఊరికి మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే ఆ 2,000 చూపించడం చెల్లదని రాతపూర్వకంగా అడగండి.

మీరు పట్టిన శాంపిల్ మీకోసం. కంపెనీ వదిలే నీళ్ల మీద కోర్టులో నిలిచేది పీసీబీ (కాలుష్య నియంత్రణ బోర్డు) అధికారి నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం తీసిందే: కంపెనీ వాళ్లకు నోటీసు, వాళ్ల ముందే రెండు భాగాలు, సీలు, ఇద్దరి సంతకాలు. ఈ సెక్షన్ చెప్పిన పద్ధతి తప్పితే ఆ రిపోర్టు సాక్ష్యానికి పనికిరాదు. అందుకే ల్యాబ్ రిపోర్టు జతచేసి పీసీబీ నల్లగొండ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. బోర్డు కదలకపోతే సెక్షన్ 49 కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే కోర్టుకు పోవచ్చు.

ఇంకో పని, దీని మీద ఎవరూ దృష్టి పెట్టరు. ఆర్టీఐ (సమాచార హక్కు) కింద 10 రూపాయలు కట్టి పీసీబీ నుంచి కంపెనీ సీఎఫ్ఓ (నడపడానికి బోర్డు ఇచ్చిన అనుమతి) నకలు, ప్రమాదకర వ్యర్థాల ఫారం 10 (వ్యర్థాలు లారీలో పంపేటప్పుడు రాసే కాయిదం) నకళ్లు అడగండి. సీఎఫ్ఓలో రోజుకు ఎన్ని కిలోలీటర్ల హై టీడీఎస్ (ఉప్పు ఎక్కువున్న) వ్యర్థ నీళ్లో ఉంటది. ఉదాహరణకు 20 కిలోలీటర్లు, లీటరుకు 50 గ్రాముల ఉప్పు అనుకోండి. రోజుకు టన్ను, నెలకు 30 టన్నులు. ఎంఈఈ (ఆ నీళ్లను ఆవిరి చేసి ఉప్పు తీసే యంత్రం) నిజంగా నడిస్తే ఆ ఉప్పు బస్తాల్లో లారీ ఎక్కి డంపింగ్ సైట్‌కు పోవాలె. ఫారం 10లో నెలకు 6 టన్నులే కనబడితే మిగతా 24 ఎటుపోయిందో వాళ్లే చెప్పాలె. తడి వల్ల బస్తా బరువు పెరుగుతదే గాని తగ్గదు.

ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెన్నై బెంచ్‌కు పోవాలంటే 6 నెలల గడువు, నష్టపరిహారానికి 5 ఏండ్లు. రంగు మారిన తేదీ ఇయ్యాల్నే రాసి పెట్టుకోండి, ఫోటోలు కూడా.

చెలక_రైతు:
అప్పటిదాక ఈ నీళ్లు కాగబెట్టి తాగొచ్చా? ఆర్ఓ పెడితే?

నీళ్ల_ల్యాబ్:
వద్దు. కాగబెడితే నీరు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడ్తది, సాల్వెంట్ వంటింటి గాలిలో కలుస్తది. ఆర్ఓ ఉప్పును ఆపుతది, చిన్న సాల్వెంట్ అణువులను పూర్తిగా ఆపదు. తాగడానికి, వంటకు భగీరథ నీళ్లే వాడండి. వరికైతే రిపోర్టులో ఈసీ చూసి చెప్పండి, మీ 1,850 లెక్కన మీటరుకు 2.9 డెసీసీమెన్స్ దాకా ఉంటది. మడిలో ఉప్పు పేరుకొని మట్టి ఈసీ 3 దాటితే దిగుబడి పడిపోతది, నారుమడిలో ముందు తెలుస్తది, ఆకు కొసలు ఎండుతయి.