అప్‌డేట్: ట్రంపెట్ అందరికీ ఒకే క్లాసులో నేర్పొచ్చా అని అడిగాను కదా

నల్గొండలో ఇంటి దగ్గరే ట్రంపెట్ నేర్పిస్తున్నా, చిన్నపిల్లలు, పెళ్లి బ్యాండు అన్నలు, చర్చిలో వాయించేవాళ్లు అందరినీ కలిపి కూర్చోబెట్టొచ్చా అని అడిగాను. విడివిడిగా చెప్పమన్నారు చాలామంది. అదే చేశా, బాగుంది.

పిల్లలకు ముందు ఉత్త పెదాలతో, తర్వాత మౌత్‌పీస్‌తో (ట్రంపెట్‌కు పెదాలు ఆనించి ఊదే చిన్న గిన్నెలాంటి ముక్క) బుర్రుమనిపిస్తున్నా, అది నిలకడగా వచ్చాకే ట్రంపెట్ చేతికిస్తా. పాలపళ్లు ఊడి ముందుపళ్లు ఇంకా రానివాళ్లను మాత్రం కొన్నాళ్లు ఆగమంటున్నా, తల్లిదండ్రులు చిన్నబుచ్చుకున్నా సరే.

బ్యాండు అన్నల సంగతి వేరు. ఏ పాటైనా చెవితో పట్టేస్తారు, కానీ పై స్వరం కోసం మౌత్‌పీస్‌ను పెదవికి గట్టిగా అదిమేస్తారు, బరాత్ అయ్యేసరికి పెదవి వాచిపోతుంది. అందుకే వాళ్లతో రోజూ మెల్లగా, సన్నగా, ఊపిరి ఉన్నంతసేపు ఒకే స్వరం పట్టిస్తున్నా. ఒకాయన మొన్న ఫోన్ చేసి "రాత్రంతా వాయించినా నొప్పి లేదు సార్" అన్నాడు, ఎంత సంతోషమేసిందో!

చర్చివాళ్లకు బీ ఫ్లాట్ ట్రంపెట్‌లో సీ అని రాసిన స్వరం కీబోర్డు మీద బీ ఫ్లాట్ అవుతుందని పక్కపక్కనే వాయించి చూపించా, కీబోర్డుతో స్వరం ఎందుకు కలవట్లేదో అన్న టెన్షన్ సగం అక్కడే పోయింది.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బ్యాండు అన్నలకు తీరిక అప్పుడే, సంపాదన ఉండనిదీ అప్పుడే, కాబట్టి ఆ నెల వాళ్ల దగ్గర ఫీజు తీసుకోను.